ఒక వయొలిన్, మూడు పక్కవాద్యాలు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో స్ట్రింగ్ క్వార్టెట్ పుట్టుక, ఎదుగుదల మీద వచ్చిన వ్యాసం చదివాను. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదీ కింది స్థాయిలో పలికేదీ అయిన వయోలా, ఇంకా పెద్దదైన చెల్లో, ఈ నాలుగూ కలిసి వాయించే సంగీతం అది. తెలుగు పత్రికలో పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ గురించి అర పేజీ చూసేసరికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంతోషంలో మొదటిసారి గబగబా చదివేశాను. రెండోసారి నిదానంగా చదువుతుంటే రెండు చోట్ల మనసు చివుక్కుమంది. ఆ రెండూ చెబుదామనే ఈ ఉత్తరం. పొడవైందని తెలుసు. కుదించాల్సి వస్తే నా సొంత సంగతులు తీసేయండి, వయోలా గురించి రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

మొదటిది ఒక పొరపాటు. క్వార్టెట్ ఎలా ఉంటుందో తెలియాలంటే హైడన్ ఓపస్ 3 (ఓపస్ అంటే స్వరకర్త రచనలకిచ్చే వరస సంఖ్య)లోని ‘సెరెనేడ్’ వినమని వ్యాసకర్త సలహా ఇచ్చారు. అది హైడన్ రాసింది కాదు. 1777లో పారిస్‌లో ఒక ప్రచురణకర్త ఆ ఆరు క్వార్టెట్లను హైడన్ పేరుతో అచ్చువేశాడు. తర్వాత హైడన్ శిష్యుడు ప్లెయెల్ తెచ్చిన సంపుటాల్లో కూడా అవి చేరిపోవడంతో దాదాపు రెండు శతాబ్దాలు ఎవరికీ అనుమానం రాలేదు. 1964లో అలన్ టైసన్, రాబిన్స్ లాండన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పాత అచ్చుప్రతిని పట్టి చూస్తే, హైడన్ పేరున్న చోట అంతకుముందు హాఫ్‌స్టెటర్ అనే పేరు చెక్కి, తర్వాత గీకేసిన ఆనవాలు కనబడింది. రోమన్ హాఫ్‌స్టెటర్ జర్మనీలో ఒక క్రైస్తవ మఠంలో ఉన్న సన్యాసి. హైడన్ అంటే ఆయనకు ప్రాణం. ఆ సెరెనేడ్ ఎంత తియ్యగా ఉంటుందో నాకూ తెలుసు. అందుకే ఆ తీపి ఎవరిదో వాళ్ళకే చెందాలని నా ఆరాటం.

ఈ పొరపాటు ఒక్కటే అయితే ఒక కార్డు ముక్క రాసి ఊరుకునేదాన్ని. దాని వెనకే రెండోది ఉంది. ఆ సెరెనేడ్‌లో మొదటి వయొలిన్ ఒక్కటే పాడుతుంది. మిగతా ముగ్గురూ కమాన్లు పక్కన పెట్టి వేళ్ళతో తీగలు మీటుతూ కూర్చుంటారు. దాన్నే నమూనాగా తీసుకుని వ్యాసకర్త, ‘క్వార్టెట్ అంటే ఒక వయొలిన్, దానికి మూడు పక్కవాద్యాలు’ అని తేల్చేశారు. అయ్యా, క్వార్టెట్ చరిత్ర అంతా ఆ వాక్యాన్ని అబద్ధం చేయడానికి జరిగిన ప్రయత్నమే. ఊ కొట్టే ముగ్గురు నోరు విప్పి మాట్లాడటం ఎలా నేర్చుకున్నారన్నదే ఆ కథ.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ ముగ్గురిలో మధ్యన కూర్చునేదాన్ని నేను. చిన్నప్పుడు పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాను. చదువు, ఉద్యోగం, లెక్కల పుస్తకాల మధ్య పదేళ్ళు దాన్ని ముట్టలేదు. ముప్పయ్యో ఏట ముగ్గురు స్నేహితులు క్వార్టెట్ మొదలుపెడదామనుకుని వయోలాకు మనిషి లేక నన్ను అడిగారు. వయొలిన్ సరిగ్గా రానివాళ్ళే వయోలా పడతారని అంతకుముందు నాకు నేర్పిన ఒక గురువు అనేవారు. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. అయినా ఒప్పుకున్నాను. పద్నాలుగేళ్ళు, దాదాపు ప్రతి ఆదివారం రెండేసి గంటలు వాయించాం. చెల్లో మాస్టారు మాలో పెద్దవారు. రెండో వయొలిన్ నేను అక్కయ్య అని పిలిచే ఆవిడ. మొదటి వయొలిన్ అబ్బాయి మా అందరికన్నా చిన్నవాడు, అందరికన్నా బాగా వాయించేవాడు. కచేరీలు చేయలేదు, రికార్డులు ఇవ్వలేదు. మా నలుగురి కోసమే వాయించుకున్నాం.

నిజానికి క్వార్టెట్ మొదలైంది కూడా అలాగే. 1750ల్లో వియన్నాకు కొంత దూరంలో ఉన్న వైన్‌జియర్ల్‌లో ఫ్యూర్న్‌బెర్గ్ అనే బ్యారన్ తన బంగళాకు అప్పుడప్పుడూ నలుగురిని పిలిచేవాడు. ఊరి పాస్టర్, బ్యారన్ ఎస్టేటు వ్యవహారాలు చూసే ఆయన, ఆల్‌బ్రెక్ట్స్‌బెర్గర్ అనే చెల్లో వాద్యకారుడు, ఇంకా కుర్రవాడైన హైడన్. ఈ నలుగురికీ పనికొచ్చేది ఏదైనా రాయమని బ్యారన్ అడిగితే హైడన్ రాశాడు. ఈ సంగతి హైడన్ జీవితచరిత్ర రాసిన గ్రీసింగర్ చెప్పాడు. పాస్టర్ గారు, ఎస్టేటు ఆయన ఎంత బాగా వాయించేవారో తెలియదుగానీ, వాళ్ళకు కష్టం కలగకుండా రాయాలన్న బాధ్యత హైడన్ మీద పడిందని ఆ మొదటి క్వార్టెట్లలోని వయోలా భాగం చూస్తే అర్థమవుతుంది. చాలాచోట్ల చెల్లో ఏం వాయిస్తే వయోలా అదే ఒక స్థాయి పైన వాయిస్తుంది. అచ్చంగా వంత పాట.

అప్పటిదాకా వయోలాకు అంతకన్నా పని ఉండేది కాదు. అంతకుముందు తరం సంగీతంలో పైన ఒకటో రెండో వయొలిన్లు పాడతాయి, అడుగున చెల్లో నడుస్తుంది, ఆ రెండింటి మధ్య ఖాళీని హార్ప్సికార్డ్ అనే, పియానో లాంటి పాత వాద్యం వాయించే ఆయన తనకు తోచిన స్వరాలతో నింపుతాడు. ఆ హార్ప్సికార్డ్‌ని తీసేస్తే మధ్యలో పెద్ద గొయ్యి మిగులుతుంది. దాన్ని నింపాల్సింది రెండో వయొలిన్, వయోలా. అవి నింపడం మొదలుపెట్టాక, ఊరికే నింపడం ఎందుకు, మాట్లాడకూడదా అన్న ఆలోచన వస్తుంది. అలెస్సాండ్రో స్కార్లాటీ తన నాలుగు వాద్యాల సొనాటాల మీద ‘హార్ప్సికార్డ్ లేకుండా’ అని ప్రత్యేకంగా రాశాడు. క్వార్టెట్ ఒక్కరి సొత్తు కాదని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. లుయీజీ బొక్కెరీనీ కూడా 1760ల్లోనే క్వార్టెట్లు రాస్తున్నాడు. ఆయన స్వయంగా చెల్లో వాద్యకారుడు కాబట్టి చెల్లోకి మాటలు దొరికాయి. హైడన్‌ను ‘క్వార్టెట్ పితామహుడు’ అనడం నాకూ ఇష్టమే, కానీ ఆ బిడ్డను ఎత్తుకు తిప్పినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇక 1772కి వస్తాను. వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమే ఇచ్చారు, నా మనసంతా ఇక్కడే ఉంది. ఆ ఏడాది హైడన్ ఓపస్ 20 పేరుతో ఆరు క్వార్టెట్లు రాశాడు. ఒక పాత అచ్చుప్రతి అట్ట మీద ఉదయించే సూర్యుడి బొమ్మ ఉండటంతో వాటికి ‘సన్ క్వార్టెట్లు’ అని పేరొచ్చింది. వాటి చేతిరాత ప్రతి తర్వాత బ్రామ్స్ అనే స్వరకర్త దగ్గరుండేది. ఆయన దాన్ని వియన్నాలోని సంగీత సంఘానికి రాసిచ్చాడు. ఆరింటిలో మూడు క్వార్టెట్ల చివరి భాగం ఫ్యూగ్. అంటే ఒకరు అన్న వాక్యాన్ని రెండోవారు, మూడోవారు, నాలుగోవారు వరసగా అందుకుంటారు. ఫ్యూగ్‌లో పక్కవాద్యం అనేదానికి చోటు లేదు. నలుగురికీ అదే మాట, అంతే బరువు. పైగా రెండో క్వార్టెట్ ఫ్యూగ్ మీద ‘ఆద్యంతం లోగొంతుకతో’ అని హైడన్ రాసిపెట్టాడు. నలుగురు గొంతు తగ్గించి మాట్లాడుకుంటేనే ఒకరి మాట ఒకరికి వినబడుతుంది.

అదే రెండో క్వార్టెట్, సి మేజర్, మేం మొదటిసారి ముందేసుకున్న రోజు చెబుతాను. నా కాగితం మీద మొదటి బార్‌లోనే (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది) అడుగు స్వరాలు కనబడ్డాయి. వయోలాకు ఈ స్వరాలేమిటి, చెల్లో కాగితం పొరపాటున నాకొచ్చిందేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే మొదటి వయొలిన్ అబ్బాయి వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతని కాగితం మీద మొదటి ఆరు బార్లూ ఖాళీ. మాస్టారు చెల్లో మెడ మీద చెయ్యి పైకి జరిపి పాట మొదలుపెట్టారు. పైస్థాయిలో, తన మామూలు చోటు వదిలేసి. అక్కయ్య రెండో వయొలిన్‌తో ఆయన కిందుగా జతకలిసింది. వాళ్ళిద్దరికీ అడుగున నేల నేనే. నేను తప్పటడుగు వేస్తే ఇల్లు కూలుతుంది. మూడో బార్ దగ్గర చెయ్యి వణికింది, కమాను తీగ మీద జారింది. ‘మళ్ళీ మొదటి నుంచి’ అన్నారు మాస్టారు. ఆ రోజు ఆ ఆరు బార్లే ఎన్నిసార్లు వాయించామో లెక్కలేదు. ఇరవైల్లో ఉన్న హైడన్ నా చేత చెల్లోకి వంత పాడించాడు, నలభై ఏళ్ళ హైడన్ చెల్లోనే నా భుజం మీద నిలబెట్టాడు. వ్యాసకర్త ఒక్క వాక్యంలో దాటేసిన ప్రయాణం ఇది.

ఆ తర్వాత దాదాపు పదేళ్ళు హైడన్ క్వార్టెట్లు రాయలేదు. 1781లో ఓపస్ 33 రాసి, ఇవి పూర్తిగా కొత్త, ప్రత్యేకమైన పద్ధతిలో ఉన్నాయని కొనేవాళ్ళకు ఉత్తరాలు పంపాడు. ఆ కొత్తదనం ఏమిటని పండితులు చాలా వాదించుకున్నారు. నా కుర్చీలోంచి కనబడింది మాత్రం చెప్పగలను. వాటిలో మూడోదాన్ని ‘బర్డ్’ అంటారు. అది రెండో వయొలిన్, వయోలా కలిసి టకటకమని ఒకే స్వరాలు పదేపదే కొట్టడంతో మొదలవుతుంది. ఇది మామూలుగా పాట కింద వేసే తివాచీ. ఇక్కడ పాట ఇంకా రానేలేదు, తివాచీ ముందే పరిచారు. దాంతో చెవి దాన్నే వింటుంది. అది ఊరికే ఊ కొట్టడమా, మాటేనా అన్న తేడా చెరిగిపోతుంది. ఫ్యూగ్‌లో అందరికీ సమానం పంచడం తేలికే. మామూలు పాటలో, పక్కవాద్యాన్ని పక్కవాద్యంగా ఉంచుతూనే దానికి ప్రాణం పోయడం కష్టం. ఓపస్ 33లో హైడన్ చేసింది అదే అని నా నమ్మకం.

వాటిని విని మొజార్ట్ ఆరు క్వార్టెట్లు రాసి, ‘సుదీర్ఘమైన శ్రమకు ఫలం’ అంటూ 1785లో హైడన్‌కు అంకితమిచ్చాడు. గాలి పీల్చినంత తేలిగ్గా రాస్తాడని పేరున్న మొజార్ట్ శ్రమ అనే మాట వాడాడంటే ఈ నాలుగు గొంతుల పని ఎంత కష్టమో చూడండి. వాటిలో చివరిది, ‘డిసొనెన్స్’ అని పిలిచేది, ఎలా మొదలవుతుందో ఒక్కసారి దగ్గరగా వినండి. చెల్లో ఒక్కటే సి స్వరాన్ని మెల్లగా, గుండె కొట్టుకున్నట్టు పలుకుతుంది. దాని మీద వయోలా ఎ ఫ్లాట్. మనసు ఒక దారి పట్టింది. రెండో వయొలిన్ ఇ ఫ్లాట్. సరే, దారి ఖాయమైంది అనుకుంటాం. అప్పుడు మొదటి వయొలిన్ పైనుంచి ఎ నాచురల్, అంటే ఎ ఫ్లాట్‌కు అర మెట్టు ఎక్కువ ఉన్న స్వరం, పలుకుతుంది. వయోలా చెప్పినదానికి నేరుగా ఎదురు. నలుగురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు గదిలోకి వచ్చి, నాలుగో ఆయన రాగానే అందరూ మౌనంగా ఒకరినొకరు చూసుకున్నట్టుంటుంది. ఆ ఎ ఫ్లాట్ నాది. దాన్ని ఎంత నమ్మకంగా పలికితే మొదటి వయొలిన్ అంత గుండెల్లో దిగుతుంది.

వియన్నాలో 1784లో జరిగిన ఒక ఇంటి కచేరీ గురించి మైకెల్ కెల్లీ అనే గాయకుడు తన జ్ఞాపకాల్లో రాశాడు. ఆ రోజు మొదటి వయొలిన్ హైడన్, రెండో వయొలిన్ డిట్టర్స్‌డార్ఫ్, చెల్లో వన్‌హల్. వయోలా మొజార్ట్. ఏ కుర్చీ అడిగినా ఇచ్చేవారు ఆయనకు, ఆయన కూర్చున్నది మధ్య కుర్చీలో. స్వరకర్త ఫ్రాంజ్ షూబర్ట్ ఇంట్లో అన్నలిద్దరూ వయొలిన్లు, తండ్రి చెల్లో, ఫ్రాంజ్ వయోలా. బీథోవెన్ బాన్‌లో కొలువు ఆర్కెస్ట్రాలో వయోలా వాయించాడు. చెక్ స్వరకర్త డ్వోర్జాక్ ప్రాగ్‌లో నాటకశాల ఆర్కెస్ట్రాలో ఏళ్ళ తరబడి వయోలా వాయించాడు. మధ్యలో కూర్చుంటే పైనేం జరుగుతోందో, కిందేం జరుగుతోందో రెండూ వినబడతాయి. ఆ గురువు గారి మాట నాకు గుచ్చుకోవడం మానేసింది ఈ సంగతులు తెలిశాకే.

బీథోవెన్ గురించి వ్యాసంలో బాగానే రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. ఒక మాట చేర్చాలి. వాయించేవాళ్ళు మారడం కూడా ఈ సంగీతం మారడానికి కారణం. 1804-05 చలికాలంలో ఇగ్నాజ్ షుప్పాన్‌త్సిగ్ వియన్నాలో చందాదారులకు క్వార్టెట్ కచేరీలు పెట్టాడు. 1808లో రష్యా రాయబారి రజుమోవ్‌స్కీ అతనికి జీతమిచ్చి ఒక శాశ్వత క్వార్టెట్‌నే పెట్టుకున్నాడు. రోజూ కలిసి సాధన చేసే నలుగురు దొరికాక, బీథోవెన్ ఆదివారం సరదాగా కూర్చునే మాలాంటివాళ్ళ కోసం రాయాల్సిన అవసరం లేకపోయింది. 1806 నాటి రజుమోవ్‌స్కీ క్వార్టెట్లలో మొదటిదాన్ని చెల్లో పాటతోనే తెరిచాడు. చివరి రోజుల్లో, 1826లో, ఓపస్ 131 రాశాడు. ఏడు భాగాలు, మధ్యలో ఆగడం లేదు, శ్రుతి సరిచూసుకునే తీరిక కూడా లేదు. మేం దాని మొదటి ఫ్యూగ్ మాత్రమే వాయించగలిగాం. మొదటి వయొలిన్, రెండో వయొలిన్, వయోలా, చెల్లో ఆ వరసలోనే మెట్లు దిగుతూ వస్తాయి. అది ముగిశాక మా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

‘నలుగురు వివేకవంతులు మాట్లాడుకోవడం’ అని క్వార్టెట్ గురించి 1829లో జర్మన్ కవి గోథే ఒక ఉత్తరంలో రాశాడు. ఆ మాట అందరూ చెబుతారు, వ్యాసకర్త కూడా చెప్పారు. కానీ తేదీ చూడండి. అప్పటికి బీథోవెన్ పోయి రెండేళ్ళు. 1750ల్లో వైన్‌జియర్ల్ బంగళా పక్కన నిలబడి వింటే గోథే ఆ మాట అనగలిగేవాడు కాదు. ఒక వ్యాసంలోనే ‘మూడు పక్కవాద్యాలు’, ‘నలుగురి సంభాషణ’ రెండూ ఎలా కుదురుతాయి?

తర్వాతి కాలం గురించి వ్యాసం దాదాపు మౌనం. స్వరకర్త మెండెల్సన్ అక్క ఫానీ 1834లో రాసిన మంచి క్వార్టెట్ ఆమె బతికుండగా అచ్చుకే రాలేదు. షూమన్, బ్రామ్స్ కథలు ఇంకోసారి. చెక్ స్వరకర్త స్మెతానాను మాత్రం వదలలేను. 1876లో, పూర్తిగా చెవుడు వచ్చాక, ‘నా జీవితం నుంచి’ అనే క్వార్టెట్ రాశాడు. తన కథను ఆయన ఏ గొంతుతో మొదలుపెట్టాడో తెలుసా? వయోలాతో. మిగతా ముగ్గురూ ఒక్క దెబ్బ వేసి సన్నగా వెనక్కు తగ్గితే వయోలా పైనుంచి దూకినట్టు మొదలవుతుంది. చివరి భాగంలో ఉత్సాహంగా సాగుతున్న ఆట ఒక్కసారిగా ఆగి, మొదటి వయొలిన్ పైన సన్నని ఇ స్వరం కూతలా నిలబడుతుంది. చెవుడు రాకముందు ఆయన చెవిలో మోగిన హోరు అది. 1878లో ప్రాగ్‌లో స్నేహితుల మధ్య దాన్ని తొలిసారి వాయించినప్పుడు వయోలా పట్టింది డ్వోర్జాక్. పదిహేనేళ్ళ తర్వాత అమెరికాలోని స్పిల్‌విల్ అనే పల్లెలో డ్వోర్జాక్ తన ‘అమెరికన్’ క్వార్టెట్ రాసినప్పుడు పాటను మొదట వయోలాకే ఇచ్చాడు. ఆ 1878 సాయంత్రం ఆయన చేతిలో మిగిలిపోయి ఉంటుందని నాకనిపిస్తుంది.

వయోలా గొంతులో ఏముందని అడిగేవారికి ఒక చిన్న సంగతి. అది వయొలిన్ కన్నా అయిదు స్వరాలు కిందుగా పలుకుతుంది. ఆ స్థాయికి సరిపోయేలా చేయాలంటే దాని ఒళ్ళు వయొలిన్‌కు ఒకటిన్నర రెట్లు ఉండాలి. అంత పెద్దది గడ్డం కింద పట్టుకోలేం. అందుకని కొంత తగ్గించి చేస్తారు. ఆ తగ్గింపే గొంతులో కాస్త బొంగురుగా, లోపల ఏదో దాచుకున్నట్టు వినబడుతుంది.

హంగరీ స్వరకర్త బార్టోక్‌కు ఆ గొంతు తెలుసు. ఆయన ఆరో క్వార్టెట్ 1939లో, యుద్ధం మొదలైన రోజుల్లో రాసింది. వయోలా ఒక్కటే, తోడు లేకుండా, ఒక దిగులు పాట పాడుతుంది. రెండో భాగం ముందు అదే దిగులు మళ్ళీ వస్తుంది, ఈసారి చెల్లో చేతిలో, తోడుగా ఇంకో గొంతుతో. మూడో భాగం ముందు మూడు గొంతులు. నాలుగో భాగానికి వచ్చేసరికి అది నాలుగు గొంతుల్లోకీ పాకి, ఆ భాగమంతా అదే అయిపోతుంది. మా మాస్టారు మంచం పట్టాక మేం ముగ్గురం ఆయన గదిలో దీని రికార్డు పెట్టాం. మొదటి వయోలా పాట అవుతుండగా ఆయన కళ్ళు మూసుకునే నా వైపు చెయ్యి చాపారు. ఆ తర్వాత మాకు చెల్లో లేదు. వేరే మనిషిని వెతకాలని అబ్బాయి అన్నాడుగానీ మాలో ఎవరికీ మనసొప్పలేదు.

నా విన్నపాలు రెండే. ఓపస్ 3 విషయంలో ఒక సవరణ వేయండి, హాఫ్‌స్టెటర్ పేరు అచ్చులో కనబడాలి. వచ్చే వారం వ్యాసం కొనసాగుతుందని రాశారు కాబట్టి, పాఠకులు వినవలసినదిగా సెరెనేడ్ బదులు హైడన్ ఓపస్ 20లో రెండో క్వార్టెట్ పేరు ఇవ్వండి. మొదటి ఆరు బార్లు అర నిమిషం కూడా ఉండవు. పాడుతున్నది చెల్లో అని, జతగా ఉన్నది రెండో వయొలిన్ అని, అడుగున నడుస్తున్నది వయోలా అని, మొదటి వయొలిన్ ఇంకా గొంతు విప్పలేదని ముందే చెప్పి వినిపించండి.

ఇట్లు,
పద్నాలుగేళ్ళు వయోలా వాయించిన మీ పాఠకురాలు